ఇంటిల్లిపాది ఉరికితే ఎవరి స్పీడ్ ఇంటి స్పీడ్?

మన ఊర్లల్ల ఉరుకుడు అంటే ఒక్కటే లెక్క. నోటిఫికేషన్ పడితే పోరగాళ్లు పొద్దుగాల లేసి గ్రౌండ్‌కు పోతరు. ఈవెంట్స్ అయిపోంగనే బూట్లు మూలకు పడతయ్. మళ్ల నోటిఫికేషన్ వచ్చేదాంక ఎవ్వరూ ఉరకరు. ఇగ ఇంట్ల అమ్మ, నాయిన, చెల్లె ఉరుకుతరా అని అడిగితే నవ్వుతరు. "పొలంకాడ చేసే కష్టం చాలదా, మళ్ల ఇదొకటా" అంటరు.

నేను చెప్పే ముచ్చట వేరే. హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు, ఇంటోళ్లంత కలిసి ఉరకొచ్చు. మేం ఉరికినం. మా నాయినకు 54 ఏండ్లు, వ్యవసాయం చేస్తడు. చెల్లె డిగ్రీ చదువుతది. తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారైతుండు. అయితే కలిసి ఉరుకుడు అంటే అందరూ పోటీ పడి ఉరుకుడు కాదు. ఇంట్ల అందరికంటె మెల్లగ ఉరికేటోళ్లు ఎవరో, వాళ్ల స్పీడే ఇంటి స్పీడ్. ఇది దయతోని చెప్పే మాట కాదు, ఒంటి లెక్క. అదెట్లనో చూద్దాం.

ముందు లెక్క

ఫుల్ మారథాన్ 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌ల ఈ దూరం ఉరికిన్రు, 1921ల దీన్నే ఖాయం చేసిన్రు. అందుల సగం, 21.0975 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్.

ఇప్పుడు మన పోరగాళ్లకు తెల్సిన లెక్కలకు వద్దాం. 2022 తెలంగాణ పోలీసు రిక్రూట్‌మెంట్‌ల మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల ఉరకాలె. అంటే కిలోమీటరుకు నాలుగున్నర నిమిషాలు. అదే స్పీడ్‌తోని 21 కిలోమీటర్లు పోతే గంటా 36 నిమిషాల్ల అయిపోవాలె. కాని అట్ల అయితదా? కాదు. ఏండ్ల సంది ప్రాక్టీస్ చేసేటోళ్లకు కూడ అది మంచి టైమే. 1600 మీటర్లు దమ్ము బిగపట్టి గుంజేయొచ్చు. 21 కిలోమీటర్లు అట్ల గుంజుతే నడుమల్నే కూలవడ్తం.

ఎందుకంటే మనం తిన్న అన్నం, జొన్నరొట్టెల కెళ్లి వచ్చే చక్కెరను ఒళ్లు కండలల్ల, కాలేయంల దాచిపెట్టుకుంటది. జోరుగ ఉరికితే ఆ నిల్వ గంటన్నర, రెండు గంటలల్ల కరిగిపోతది. మెల్లగ ఉరికితే ఒళ్లు కొవ్వును కూడ ఎక్కువగ వాడుకుంటది, చక్కెర నిల్వ చానసేపు ఆగుతది. అందుకే మొదటి 5 కిలోమీటర్లు ఆత్రపడ్డోళ్లు చివరి 5 కిలోమీటర్లు కాళ్లు ఈడ్సుకుంట పోతరు.

మా తమ్ముడు గిదే చేసిండు. హైదరాబాద్‌ల ఆగస్టు నెలల జరిగే మారథాన్‌ల మేం హాఫ్‌కు పేర్లిచ్చినం. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా కాడ మొదలై గచ్చిబౌలి స్టేడియంల అయిపోతది. తొవ్వంత ఎక్కుడు దిగుడు, ఫ్లైఓవర్లు. తమ్ముడు గ్రౌండ్ స్పీడ్‌తోని తుర్రుమన్నడు. చెల్లె మాత్రం కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పట్టుకొని అదే మీద పోయింది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటినంక తమ్ముడు పిక్కలు పట్టేసి నడుస్తుంటే, చెల్లె పక్కపొంటి ఉరుక్కుంట పోయింది. ఆమె టైం 2 గంటల 38 నిమిషాలు. తమ్ముడు అంతకు నాలుగు నిమిషాలు వెనుక. నేను, నాయిన 3 గంటల 12 నిమిషాలకు వచ్చినం.

ముచ్చట పెట్టుకుంట ఉరకాలె

కొత్తగ ఉరికేటోళ్లకు వాచీ, యాప్ కంటె మంచి కొలత ఒకటున్నది. ఉరుకుకుంట పక్కోళ్లతోని ముచ్చట పెట్టగల్గాలె. రెండు మాటలకే దమ్ము వస్తుందంటే స్పీడ్ ఎక్కువైందన్నట్టు. వారంల చేసే ఉరుకుడుల ఎక్కువ భాగం గీ స్పీడ్‌తోనే ఉండాలె. గుండె గట్టిపడేది, కాళ్లల్ల సన్నటి రక్తనాళాలు పెరిగేది ఎక్కువగ గిట్ల మెల్లగ, చానసేపు ఉరికితేనే. మరి మెల్లగ ఉరికే నాయిన పక్కన ఉరికితే నాకు నష్టమేంది? ఏం లేదు. నా ఒంటికి కావల్సింది అదే.

ఇంకో లాభం కూడ ఉన్నది. మన ఇండ్లల్ల నాయిన, కొడుకు పది నిమిషాలు కూసొని మాట్లాడుకునుడు అరుదు. తొవ్వ మీద ఇద్దరం ముందటికే చూస్తం, మొకం మొకం చూసుకునే పని లేదు. బ్యాంకుల అప్పు ఎంతున్నదో, బోరు ఎండినప్పుడు బయట ఎంత తెచ్చిండో నాయిన నాకు చెరువు కట్ట మీదనే చెప్పిండు. ఇంట్ల ఎన్నిసార్లు అడిగినా "నీకెందుకు బిడ్డా, నువ్వు చదువుకో" అన్న మనిషి.

అందరూ ఒక్కసారే ఇంటికొచ్చే ఉపాయం

"తలా ఒక స్పీడ్ ఉన్నప్పుడు కలిసి ప్రాక్టీస్ ఎట్ల?" అని అడుగుతరు. దానికి రెండు ఉపాయాలు ఉన్నయ్.

ఒకటి, దూరం కాదు, టైం పెట్టుకోవాలె. అందరూ ఒక్కసారే బయల్దేరాలె. 30 నిమిషాలు కాంగనే ఎవరెక్కడుంటే అక్కడ్నే మర్లాలె. జోరుగ ఉరికేటోళ్లు ఎక్కువ దూరం పోతరు, మెల్లగ ఉరికేటోళ్లు తక్కువ దూరం పోతరు. పోయిన స్పీడ్‌తోనే తిరిగొస్తే అందరూ దాదాపు ఒక్కసారే ఇంటికి చేరుతరు.

రెండోది, చెరువు కట్ట మీదనో, బడి గ్రౌండ్‌లనో రౌండ్లు కొట్టాలె. ఎవరి స్పీడ్ వాళ్లది. కాని ప్రతి పది నిమిషాలకు ఒకరికొకరు ఎదురైతరు. ఎవరన్న కాలు మడత వడి కూసున్నా వెంటనే ఎరుకైతది.

నాయిన అసలు ఆపకుండ ఉరకలేదు. రెండు నిమిషాలు ఉరికి, ఒక నిమిషం నడిచిండు. ఇదేం చాతగానితనం కాదు. 1972 ఒలింపిక్స్‌ల 10,000 మీటర్లు ఉరికిన అమెరికా రన్నర్ జెఫ్ గాలొవే ఇదే పద్ధతిని లక్షల మందికి నేర్పిండు. నడిచే ఆ ఒక్క నిమిషంల పిక్కలకు, మోకాళ్లకు సందు దొరుకుతది. కిలోమీటరుకు 9 నిమిషాలు పట్టినా హాఫ్ 3 గంటల 10 నిమిషాల్ల అయితది. అయితే ప్రతి రేసుకు ఆఖరి టైం ఒకటి ఉంటది, వయసు నియమం కూడ ఉంటది. పైసలు కట్టకముందే అవి చూసుకోవాలె.

కొత్తోళ్లకు కనీసం నాలుగు నెలల టైం కావాలె. వారంల మూడు రోజులు ఉరికితే చాలు. రెండు రోజులు చిన్న ఉరుకుడు, ఆదివారం పెద్ద ఉరుకుడు. పెద్ద ఉరుకుడుకు వారానికి ఒక కిలోమీటరే కలపాలె. మూడు వారాలు పెంచినంక నాలుగో వారం తగ్గియ్యాలె. 17, 18 కిలోమీటర్లకు చేరితే సరిపోతది, 21 రేసు రోజే ఉరకొచ్చు. చివరి రెండు వారాలు బాగ తగ్గియ్యాలె.

చెల్లె తొవ్వ మీదికి రావాలంటే

అసలు ముచ్చట గిక్కడున్నది. మా చెల్లె ఒక్కతే పొద్దుగాల అయిదింటికి ఉరకడానికి బయటికి పోతే ఊరు ఏమంటదో మీకు తెల్సు. బండ్లు పక్కకే స్లో అయితయ్. కుక్కలు వేరే. రెండో రోజుకే ఇంట్ల "వద్దులే బిడ్డా" అంటరు. అదే నాయిన పక్కన ఉరికితే ఎవ్వరూ మాట్లాడలేదు. నెల దినాలకు పక్కింటి పిల్లలిద్దరు జతైన్రు. ఇప్పుడు నాయిన పొలానికి పోయిన రోజు గూడ ముగ్గురు పోతున్నరు. ఇంటోళ్లు తోడు పోవుడు కాపలా కాయడానికి కాదు, తొవ్వ అలవాటు చెయ్యడానికి. అలవాటైనంక పక్కకు జరగాలె.

ఇది మన ఊరి కథే కాదు. 1967ల అమెరికాల బోస్టన్ మారథాన్‌ల కాథ్రిన్ స్విట్జర్ అనే అమ్మాయి 261 నంబర్‌తోని ఉరుకుతుంటే, రేసు నడిపే పెద్దమనిషే ఉరికొచ్చి నంబర్ గుంజబోయిండు. ఆడోళ్లు ఉరకొద్దని వాళ్ల పట్టుదల. పక్కన ఉరుకుతున్న ఆమె స్నేహితుడు ఆయన్ను తోసేసిండు, ఆమె రేసు పూర్తి చేసింది. 1972ల ఆ రేసుల ఆడోళ్లకు అధికారికంగ చోటు దొరికింది. ఒలింపిక్స్‌ల ఆడోళ్ల మారథాన్ రావడానికి 1984 దాంక ఆగాల్సొచ్చింది.

మరి అమ్మ? మొదటి నెల మా అమ్మ రాలేదు. మనసు లేక కాదు. అయిదింటికి వాకిలి ఊడ్సుడు, బర్రెకు పాలు పిండుడు, పొయ్యి ముట్టించుడు ఎవరు చేస్తరు? వాకిలి తమ్ముడు పట్టుకున్నడు, పాలు నేను పిండిన. అప్పుడు అమ్మ కట్ట మీదికొచ్చింది. ఆమె ఉరకదు, రోజూ 4 కిలోమీటర్లు నడుస్తది. ఇంట్ల పని పంచుకోకుండ "అమ్మా నువ్వు కూడ రా" అంటే అది ఒట్టి మాటే.

చీరె కట్టినోళ్లు ఉరుకుతరా అంటే, లతా భగవాన్ కరే పేరు చెప్త. మహారాష్ట్ర బారామతి దిక్కు కూలి చేసుకునే ఈ అవ్వ, 60 ఏండ్లు దాటినంక, భర్త వైద్యం ఖర్చుల కోసం పెద్దోళ్ల రేసుల తొమ్మిది గజాల చీరెతోని, చెప్పులు లేకుండ ఉరికి గెల్చింది. ఆమె కథను తెలుగు డైరెక్టర్ నవీన్ దేశబోయిన మరాఠీల సినిమా తీసిండు, జాతీయ అవార్డులల్ల దానికి ప్రత్యేక గుర్తింపు దక్కింది. అయితే వైద్యానికి పైసల్లేక ఒక ముసలి మనిషి ఉరకాల్సి వచ్చుడు మనం సంబురపడే ముచ్చట మాత్రం కాదు.

పెద్దోళ్ల విషయంల జాగ్రత్త

నాయినను తొవ్వ ఎక్కియ్యకముందు బీపీ, షుగర్ చూపించినం, ఈసీజీ తీపిచ్చినం. 40 దాటినోళ్లు, బీపీ, షుగర్ ఉన్నోళ్లు డాక్టర్‌ను అడిగినంకనే మొదలువెట్టాలె. షుగర్‌కు ఇన్సులిన్, కొన్ని రకాల గోళీలు వాడేటోళ్లకు చానసేపు ఉరికితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంటది. ఛాతిల బరువు, ఎడమ చెయ్యి గుంజుడు, కండ్లు తిరుగుడు అయితే అక్కడ్నే ఆగి దవాఖానకు పోవాలె. "ఇంకో కిలోమీటరే గద" అనొద్దు.

ఎండకాలం పొద్దెక్కకముందే ముగించాలె. చెమట బాగ పోయినప్పుడు ఒట్టి నీళ్లే కడుపు నిండ తాగితే ఒంట్ల ఉప్పు పలచబడ్తది, అదీ ప్రమాదమే. దూపైనప్పుడు తాగాలె. గంట దాటితే ఓఆర్ఎస్సో, ఉప్పేసిన సల్లనో పెట్టుకోవాలె. ఎండదెబ్బకు మనిషి పొంతన లేకుండ మాట్లాడితే నీడకు తీసి, ఒంటి మీద సల్లటి నీళ్లు పోసి, విసురుకుంట 108కు ఫోన్ చెయ్యాలె.

ఇగ బూట్లు. రేసు రోజు కొత్తయి వేసుకోవద్దు, నెల ముందే అలవాటు చెయ్యాలె.

రేసుకు పట్నమే పోవాలని లేదు

ఎంట్రీ ఫీజు, బస్సు కిరాయి, బూట్లు కలిపితే నలుగురికి చిన్న ఖర్చేం కాదు. లేనోళ్లు ఆగాల్సిన పని లేదు. మీ ఊరికెళ్లి మండలానికి పోయి రావడానికి ఎంత దూరమో ఫోన్ల కొలవండ్రి. 21 కిలోమీటర్ల తొవ్వ దొరుకుతది. నడుమల మేనత్త ఊరుంటే అదే వాటర్ పాయింట్.

మహారాష్ట్ర బీడ్ జిల్లా మాండ్వా అనే పల్లె రైతు ఇంట్ల పుట్టిన అవినాష్ సాబ్లే చిన్నప్పుడు బడికి ఆరు కిలోమీటర్లు నడిచి, ఉరికి పోయిండు. మిలటరీల చేరినంక 2020ల ఢిల్లీల హాఫ్ మారథాన్‌ను గంటా 30 సెకన్లల్ల పూర్తి చేసిండు, కిలోమీటరుకు మూడు నిమిషాలు కూడ పట్టలే. మనందరం అట్ల కాలేం, కావాల్సిన పని కూడ లేదు. మన ఇండ్లల్ల బీపీ గోళీలు తగ్గి, చెల్లె భయం లేకుండ తొవ్వ మీద ఉరికితే అదే మనకు పెద్ద మెడల్.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ఎట్లాగూ లేస్తున్నవ్ గదా తమ్మీ. రేపు లేసేటప్పుడు పక్క మంచంల పండుకున్న నాయినను కూడ లేపు. వాకిలి నువ్వు ఊడ్సి, అమ్మను గూడ పిలువు. మొదటి రోజు రెండు కిలోమీటర్లు నడిస్తే చాలు.