గ్రీన్ క్రాకర్స్

పేరు చూసి పచ్చగా వెలుగుతాయనుకుంటే పొరపాటే. మతాబుకు ఆకుపచ్చ రంగునిచ్చే బేరియం లవణాలే వీటిలో ఉండకూడదు! 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఆ లవణాలను నిషేధించి, కాలుష్యం తక్కువగా ఉండే బాణసంచానే అమ్మాలంది. వరసగా పేలే సరాలనూ, ఆన్‌లైన్ అమ్మకాలనూ అప్పుడే వద్దంది.

నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ రకాల్లో ధూళి కణాలు మామూలు వాటికంటే దాదాపు 30 శాతం తక్కువ. 'స్వాస్' రకం పేలినప్పుడు నీటి ఆవిరిని వదిలి దుమ్మును అణచివేస్తుంది. 'స్టార్'లో పొటాషియం నైట్రేట్, గంధకం ఉండవు. 'సఫల్'లో అల్యూమినియం తక్కువ. పొగ తగ్గిందే కానీ వేడి తగ్గలేదు. చేతిలో పేలితే ఇవీ కాలుస్తాయి.

అసలు తంటా దొంగసరుకుతో. పెట్టెపై గ్రీన్ లోగో, క్యూఆర్ కోడ్ చూసి కొనమంటారు. అచ్చు వేసేవాడికి లోగో ఓ లెక్కా? లోపలి మందుతో ఇంకా ప్రమాదం: గంధకాన్ని క్లోరేటుతో కలపడం 1992 నుంచే నిషేధం, చిన్న రాపిడికే భగ్గుమంటుంది కాబట్టి. అయినా లైసెన్సు లేని షెడ్డులో తయారైన చౌక టపాకాయలో ఏం కూరారో కొన్నవాడికే కాదు, అమ్మినవాడికీ తెలియదు.