వంతెన అందానికి అదనపు ఖర్చు తప్పదా?

రాజమహేంద్రవరం దగ్గర గోదావరిపై 1997లో ప్రారంభమైన కమాను రైలు వంతెన ఇప్పుడు ఆ ఊరికే గుర్తుగా మారింది. వరుసగా కనిపించే ఆ కమానులు అలంకారం కోసం పెట్టినవి కావు, వంతెన బరువును మోసేవి అవే.

వంతెన ఖర్చులో రెండు ప్రధాన భాగాలుంటాయి. ఒకటి నదిలో దించే పునాదులు, స్తంభాలు. రెండోది వాటి మీద నిలిపే దూలాలు. రెండు స్తంభాల మధ్య దూరాన్ని స్పాన్ అంటారు. స్పాన్ పెంచితే స్తంభాలు తగ్గి, పునాదుల ఖర్చు కలిసొస్తుంది. కానీ దూలం ఖర్చు పెరుగుతుంది. పొడవునా ఒకే తీరుగా బరువు మోసే దూలం పొడవు రెట్టింపైతే, దాన్ని వంచే ప్రభావం నాలుగు రెట్లవుతుంది.

1900 నాటి హేవలాక్ వంతెనకు 56 స్పాన్లున్నాయి. దాని బదులు వచ్చిన కమాను వంతెనకు 28 మాత్రమే. ఒక్కో స్పాన్ సుమారు 97.5 మీటర్లు. ఇంత దూరాన్ని మామూలు కాంక్రీటు దూలంతో దాటాలంటే అది చాలా మందంగా, బరువుగా ఉండాలి. ఆ బరువును మోయడానికి పునాదులూ పెరగాలి.

కాంక్రీటు నొక్కితే తట్టుకుంటుంది, లాగితే సులభంగా పగులుతుంది. కమానులో ప్రధానంగా నొక్కుడు బలమే ఉంటుంది కాబట్టి ఆ ఆకారం కాంక్రీటుకు నప్పుతుంది. అయితే కమాను రెండు కొసలూ బయటికి తోసుకుంటాయి. విల్లును నారి బిగించి ఉంచినట్టు, పట్టాలను మోసే కింది దూలంలోని ఉక్కు తీగలు ఆ కొసలను లాగిపట్టి ఉంచుతాయి. అందువల్ల వంతెన బరువు నుంచి స్తంభాల మీద పక్కతోపు పడదు.

స్విట్జర్లాండ్‌లో రాబర్ట్ మైయార్ రూపొందించిన సాల్గినాటోబెల్ వంతెన 1930లో పూర్తయింది. లోయపై 90 మీటర్ల సన్నని కాంక్రీటు కమాను అది. పోటీకి వచ్చిన 19 డిజైన్లలో దాన్ని ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం తక్కువ ఖర్చు. 1991లో అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం దాన్ని అంతర్జాతీయ చారిత్రక నిర్మాణంగా గుర్తించింది.

ప్రతి చవక వంతెనా అందంగా ఉంటుందని కాదు. కట్టేటప్పుడు మిగిలిన డబ్బు తర్వాత మరమ్మతులకు పోవచ్చు కూడా. అందుకే వంతెన ఆయుష్షంతటికీ లెక్క వేయాలి. మన ఊళ్లో కొత్త వంతెన నమూనా చూపించినప్పుడు, ఆకట్టుకునే ప్రతి భాగం గురించీ అడగదగ్గ ప్రశ్న ఒకటుంది: ఇది తీసేస్తే వంతెన నిలుస్తుందా? నిలవకపోతే ఆ అందం నిర్మాణంలోనే ఉన్నట్టు. నిలిస్తే, దానికయ్యే ఖర్చును విడిగా చూపించమని అడగాలి. ఎందుకంటే ఆ డబ్బు మనదే.