నూనె బేరంలో ఆమ్లం లెక్క

నూనె బేరాలలో ధర కుదిరిన తరువాత కూడా తగాదా తెచ్చే అంకె ఒకటుంది. మిల్లులో బయలుదేరిన ట్యాంకరు రిఫైనరీ గేటు చేరుతుంది. నమూనా తీస్తారు. ‘యాసిడ్ ఎక్కువగా ఉంది, ధరలో కోత తప్పదు’ అని కబురు వస్తుంది. నూనెలో పులుపెక్కడుంది, రుచి చూసుకోండి అని మిల్లరు వాదిస్తాడు. ఒక్కొక్కప్పుడు ఇద్దరి మాటా నిజమే అవుతుంది.

కొవ్వు ఆమ్లాలు గ్లిజరిన్‌తో కలిసి ఏర్పడిన పదార్థమే నూనె. ఆ కలయికలో ఉన్నంతకాలం వాటి ఆమ్ల గుణం బయటపడదు. గింజలో తేమ మిగిలినా, పప్పు చితికినా, నిల్వ సరిగా లేకపోయినా ఆ బంధం తెగి కొంత ఆమ్లం విడిపోతుంది. వర్తకులు ఎఫ్.ఎఫ్.ఎ. అనేది దీనినే. ఇది నీటిలో దాదాపుగా కరగదు కనుక నిమ్మరసంలా నాలుకకు పుల్లగా తగలదు.

తవుడు విషయంలో జాగ్రత్త మరీ అవసరం. ధాన్యం మరపట్టగానే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెతో కలిసి, గంటల వ్యవధిలోనే ఆమ్లాన్ని పెంచుతుంది. అందుకే తవుడును వెంటనే సాల్వెంటు ప్లాంటుకు చేర్చాలి, లేదా వేడిచేసి ఎంజైమును అణచాలి. ఆలస్యమైతే వంటనూనె కావలసిన సరకు సబ్బుల నూనె ధరకు దిగుతుంది.

పరీక్ష ఎలా చేస్తారు?

ఆమ్లాన్ని క్షారంతోనే కొలుస్తారు. 28.2 గ్రాముల నూనెను ఆల్కహాలులో వేడిచేసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ కాస్టిక్ సోడా ద్రావణాన్ని కొద్దికొద్దిగా వదులుతారు. లేత గులాబి రంగు వచ్చి నిలిస్తే ఆమ్లం తీరినట్లు. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరుకు 0.1 శాతం ఎఫ్.ఎఫ్.ఎ. అని లెక్క.

రిఫైనరీలో జరిగేదీ ఇదే, పెద్ద ఎత్తున. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయి. ఇక్కడ వచ్చే లవణం సబ్బు. 10 టన్నుల నూనెలో 2 శాతం ఆమ్లముంటే అది 200 కిలోలు. దానిని తీయడానికి సుమారు 28 కిలోల శుద్ధ కాస్టిక్ సోడా కావాలి. 4 శాతముంటే 57 కిలోలు. కాస్టిక్ ఖర్చు ఒక్కటే అయితే పెద్ద బాధ లేదు. సబ్బు మడ్డి తనతోపాటు కొంత మంచి నూనెను కూడా పట్టుకుపోతుంది. అందుచేత అసలు తరుగు ఎఫ్.ఎఫ్.ఎ. శాతాన్ని మించుతుంది. ఆ మడ్డిలో గంధకామ్లం పోస్తే ఆమ్లపు నూనె తేలుతుంది. అది సబ్బుల వారికి అమ్ముడుపోతుంది కాని, వంటనూనె ధర రాదు.

ఒకే సరకు, రెండు అంకెలు

ఎక్కువ తగాదాలకు మూలం మరొకటి. ‘ఆమ్ల విలువ’ అంటే ఒక గ్రాము నూనెకు ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడు పడుతుందో ఆ అంకె. ఎఫ్.ఎఫ్.ఎ. అంటే శాతం. వేరుశనగ నూనె, తవుడు నూనెలలో ఒలీయిక్ ఆమ్లం లెక్కన ఆమ్ల విలువ 4 అంటే ఎఫ్.ఎఫ్.ఎ. 2 శాతం. పామాయిలులో పామిటిక్ లెక్కన అదే 4 సుమారు 1.8 శాతం. కొబ్బరినూనెలో లారిక్ లెక్కన 1.4 శాతం. సగం చేస్తే చాలుననే బజారు సూత్రం అన్ని నూనెలకూ చెల్లదు.

బేరపు చీటీలో ‘యాసిడ్ 4’ అని మాత్రమే రాసుకుంటే అమ్మకందారు శాతమనీ, కొనుగోలుదారు ఆమ్ల విలువ అనీ అనుకునే ప్రమాదముంది. 10 టన్నుల ట్యాంకరులో ఈ తేడా 200 కిలోల ఆమ్లం. మడ్డితో పోయే నూనె దీనికి అదనం. నష్టం భరించే వంతు ఒక్కొక్కప్పుడు మధ్యనున్న దళారీ మీద పడుతుంది.

కనుక చీటీలో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి. అంకె ఎఫ్.ఎఫ్.ఎ.దా, ఆమ్ల విలువదా? శాతమైతే ఏ ఆమ్లం లెక్కన? నమూనా తీసేది మిల్లు వద్దనా, గేటు వద్దనా? లోడింగు సమయంలో ఇరుపక్షాల ఎదుట తీసి సీలువేసిన సీసా ఒకటి మిల్లులో ఉంచుకుంటే, గేటు దగ్గర కోత మాట వచ్చినప్పుడు అదే సాక్ష్యం.