తోలును నడిపించే పాదం

తోలు బ్యాగుల పని పెట్టుకుందామని ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్ కోసం బయల్దేరిన మాదన్నపేట కుర్రాడికి పాతబస్తీలో సలహాలకు కొదవుండదు. తానాషా మంత్రి మాదన్న పేరు మీద వెలసిందని చెప్పుకునే ఈ పేటలో, కూరగాయల మండీ దాటేలోపే ఎవరో ఒకరు ఆపి చెబుతారు: "తమ్మీ, బరువు చూసి తీస్కో. ఎంత ఇనుముంటే అంత గట్టిది." ఈ మాట సగమే నిజం. బరువున్న మిషన్ అదరదు, అంతవరకే. తోలు పనికి అసలు తేల్చుకోవలసింది వేరే ఉంది: సూది కిందున్న తోలును ఆ మిషన్‌లో ముందుకు జరిపేది ఏది?

కుట్టుమిషన్ చరిత్రలో సూది గురించి తెలిసినంతగా ఈ జరుపుడు గురించి తెలియదు. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్న మిషన్‌లో సూది కన్ను మొన దగ్గర ఉంది. పై దారం ఉచ్చులా విచ్చుకుంటే షటిల్ అందులోంచి కింది దారాన్ని దాటిస్తుంది. రెండు దారాలూ వస్తువు మందం మధ్యలో ముడిపడతాయి. 1851లో ఐజాక్ సింగర్ తన మిషన్‌కు పేటెంటు పొందాడు. 1854లో అలెన్ విల్సన్ సూదికింద పళ్లను అమర్చాడు. అవి పైకి లేస్తాయి, వెనక్కి లాగుతాయి, దిగుతాయి, మళ్లీ మొదటి చోటికి వస్తాయి. నేటికీ మన ఇళ్లలోని మిషన్లలో పనిచేసేది ఆ నాలుగు కదలికలే.

గుడ్డకు ఆ ఏర్పాటు చాలు. తోలు మాత్రం లొంగదు. కింది పొరను పళ్లు లాగుతుంటే, పై పొర, పైనుంచి నొక్కిపట్టే పాదానికి అతుక్కుని ఆగిపోతుంది. అంచులు కలిపి మొదలుపెట్టిన కుట్టు చివరికొచ్చేసరికి ఒక పొర పొడుగు, ఒక పొర పొట్టి. పళ్ల గాట్లు కింది వైపు అచ్చుపడతాయి కూడా. గుడ్డలో సూది నూలు పోగులను పక్కకు నెట్టి దూరుతుంది, సూది వెళ్లాక అవి మళ్లీ దగ్గరవుతాయి. తోలు సూది మొనకు పదునుంటుంది, అది కోసుకుంటూ పోతుంది. ఆ రంధ్రం పూడదు. తప్పు కుట్టు విప్పినా గుర్తు పోదు. కుట్లు మరీ దగ్గరగా పడితే తపాలా బిళ్లల అంచులా ఆ గీత వెంటే తోలు చిరుగుతుంది. అందుకే బ్యాగుల పనిలో కుట్టు పొడవును 3, 4 మిల్లీమీటర్ల దాకా ఉంచుతారు.

చెప్పులు, బ్యాగులు బాగుచేసేచోట కనిపించే సన్నని పొడుగు చేతి నల్ల మిషన్ ఈ చిక్కుకు దొరికిన ఒక జవాబు. దాని మూలరూపం సింగర్ 29వ తరగతి. అందులో కింద పళ్లుండవు. సూది తోలులోంచి పైకి వచ్చాక పాదమే తోలును నొక్కిపట్టి ఒక కుట్టు మేర జరుపుతుంది. సూది మళ్లీ దిగి తోలును పట్టుకున్నప్పుడు పాదం లేచి వెనక్కి వస్తుంది. పైగా ఆ పాదాన్ని చేత్తో గుండ్రంగా ఏ దిక్కుకైనా తిప్పవచ్చు. బూటును మిషన్ చేతికి తొడిగి, బూటు కదలకుండానే కుట్టు దిశ మార్చవచ్చు. రూపకర్త ఎవరైనా, చెప్పులు కుట్టేవాడి పక్కన కూర్చుని చూసి ఉండాలి.

ఈ మిషన్‌కున్న 29కె అన్న పేరులోని 'కె' స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్ దగ్గరి కిల్బోవీ కర్మాగారానికి గుర్తు. 1880లలో మొదలై 1980లో మూతపడిన ఆ కర్మాగారం 1913 ఒక్క ఏడాదిలోనే 13 లక్షలకు పైగా మిషన్లు పంపింది. మన దేశంలో సింగర్ వ్యాపారాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఊరూరా విస్తరించినవాడు పటేల్ అనే పారసీ. వాయిదాల మీద అమ్మడం కూడా అప్పటి నుంచే ఉంది. పాత మిషన్ వయసు తెలియాలంటే ఒంటి మీది నంబరుకు ముందున్న అక్షరం చూడాలి. అది ఏ కర్మాగారంలో, ఏ కాలంలో తయారైందో ఆ అక్షరమే చెబుతుంది. కొత్తగా వేసిన నల్లరంగును మాత్రం నమ్మకూడదు.

జుమ్మేరాత్ బజార్లోనో ఎర్రగడ్డ ఆదివారం అంగట్లోనో ఇలాంటిది ఎదురైతే మోటారు వేయించకండి. ముందు చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తోందా? సూది కడ్డీని పక్కకు కదిపితే ఊగుతోందా? ఈ రకం మిషన్ సన్నని చేతిలో ఒక పళ్ల కడ్డీ ఉంటుంది, షటిల్‌ను ఆడించేది అదే. అది అరిగితే షటిల్ వేళ తప్పుతుంది, కుట్లు దాటిపోతాయి. తర్వాత పాదాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి ఒక్కో వరస కుట్టి, కొలబద్ద పెట్టి చూడండి. ఒకవైపు పొడుగు కుట్టు, ఇంకోవైపు పొట్టి కుట్టు పడితే పాదాన్ని నడిపే భాగాలు అరిగాయన్నమాట. పోత ఇనుము పగిలి అతికించిన జాడ ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు.

అన్నీ బాగున్నా ఒక హద్దుంది. ఇది మరమ్మతుల మిషన్. బాబిన్ చిన్నది, దారం తొందరగా అయిపోతుంది. మందపాటి బెల్టును పొడుగూతా కుట్టమంటే కష్టపడుతుంది. బ్యాగులు, బెల్టులు వరసగా తయారుచేసే వారికి కావలసింది వాకింగ్ ఫుట్. అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ కర్మాగారంలో తయారైన సింగర్ 111డబ్ల్యు155, తర్వాతి కాలపు జపాన్ మిషన్ జూకీ ఎల్‌యు-563 ఈ జాతివే. వీటిలో కింది పళ్లు, సూది, లోపలి పాదం మూడూ కలిసి ఒకే అడుగు వేస్తాయి. అప్పటికి బయటి పాదం లేచి ఉంటుంది. పొరలు జారడానికి సందు దొరకదు.

ఈ జాతిలో ఒక తమాషా ఉంది. దారం ఇరుక్కుంటే లోపలి సేఫ్టీ క్లచ్ విడిపోతుంది. చక్రం తిరుగుతుంది గానీ కింద దారం పట్టే హుక్ కదలదు. అమ్మేవాడికే ఆ సంగతి తెలియక 'చెడిపోయింది' అని తక్కువకిచ్చేయవచ్చు. క్లచ్‌ను మళ్లీ కలపడం తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే లాభమే.

ఏ తోలు కుడతారో కూడా ముందే తేల్చుకోవాలి. తంగేడు చెక్కతో ఊనిన తోలు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కింది. మొక్కల కషాయంతో ఊనిన తోలు బిరుసు, క్రోమియంతో ఊనినది మెత్తన, సాగుతుంది. ఈ తేడాలను శాస్త్రంగా చదివినవాడు అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసి, ఆ విజ్ఞానాన్ని పల్లె తోలుపనివారి దాకా తీసుకెళ్లాలని తపించాడు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించాడు. బిరుసు తోలుకు లావు సూది, మెత్తనిదానికి సన్న సూది. ప్యాకెట్ మీది అంకెను వందతో భాగిస్తే సూది లావు మిల్లీమీటర్లలో వస్తుంది: 140 అంటే 1.4.

మోటారు సంగతి కాస్త లెక్క. పాత క్లచ్ మోటారు నిమిషానికి 2880 చుట్లు తిరుగుతుంది. రెండు పుల్లీలూ ఒకే సైజైతే సెకనుకు 48 కుట్లు! తోలు మీద అది పిచ్చివేగం. 1440 చుట్ల మోటారు పెట్టి, దాని పుల్లీని మిషన్ చక్రంలో సగం చేస్తే సెకనుకు 12కి దిగుతుంది. మోటారు పుల్లీ చిన్నదైతే వేగం తగ్గి, సూదిని దించే బలం పెరుగుతుంది. వేగం మన చేతిలో ఉండే సర్వో మోటారు ఇంకా మేలు. కుట్టుకో కుట్టుగా నడపవచ్చు.

చెప్పులు, జిప్పులు, చిరిగిన బ్యాగులు బాగుచేయడమే పనైతే తిరిగే పాదం మిషన్ కొనండి. కొత్త సరుకు తయారీయే పనైతే కాస్త అప్పు చేసైనా వాకింగ్ ఫుట్ కొనండి, ఇంటి కుట్టుమిషన్‌కు 'హెవీ డ్యూటీ' చీటీ అంటించి అమ్మేదాని జోలికి పోవద్దు. బేరానికి వెళ్లేటప్పుడు మీరు కుట్టబోయే తోలు ముక్కలు, మీరు వాడబోయే దారం వెంట తీసుకెళ్లండి. డబ్బు చేతికిచ్చే ముందు ఆ మిషన్ సూదులు ఊళ్లో ఏ దుకాణంలో దొరుకుతాయో అడిగి, ఒక ప్యాకెట్ కొనుక్కుని మరీ రండి.