ఆ ఒక్క అంకె ఏమి చెప్పుతున్నది?

అవటు గ్రంథి పరీక్షలో ‘ఎక్కువ’ అని ఉంటే, దాని అర్థం తరచు ‘తక్కువ’ అని! ఆ కాగితాన్ని చూసి బెదరిపోనక్కరలేదు. అలాగని అశ్రద్ధ చేయనూ రాదు.

ముప్పై అయిదేళ్ల గృహిణి ఒకామెను ఊహించుకోండి. కొంతకాలంగా ఆమెకు ఒంట్లో సత్తువ లేదు. రాత్రంతా నిద్రపోయినా తెల్లవారేసరికి బడలిక తీరదు. జుట్టు రాలుతున్నది. మెట్లు ఎక్కితే ఆయాసం. ఇంటిల్లపాదీ పంకా క్రింద సేద తీరుతుంటే ఆమె మాత్రం చెంగు కప్పుకుంటుంది. చివరకు రక్త పరీక్ష చేయించుకున్నది. మర్నాడు చేతికి వచ్చిన కాగితంలో ఒక అంకె మాత్రం మిగిలినవాటికంటె నల్లగా, లావుగా అచ్చయి ఉన్నది. టి.ఎస్.హెచ్.: 6.2. దాని పక్కనే పైకి చూపుతున్న బాణం గుర్తు.

సాయంకాలానికల్లా సలహాలు మొదలయ్యాయి. “ఇక జీవితాంతం మాత్ర మింగవలసిందే” అన్నది పక్కింటి ఇల్లాలు. “క్యాబేజీ మానెయ్యి, అదే సర్దుకుంటుంది” అన్నారు మేనత్త. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

ఈనాడు పట్టణాలలోనూ, పల్లెలలోనూ ఎన్నో ఇళ్లలో ఇటువంటి దృశ్యం కనిపిస్తుంది. అవటు గ్రంథి పరీక్ష చేయించుకోవడం సులభమైపోయింది. దాని ఫలితాన్ని అర్థం చేసుకోవడం మాత్రం అంత సులభం కాలేదు.

మేస్త్రీ, పనివాడు

కంఠం ముందుభాగంలో, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుగా ఉండే చిన్న గ్రంథి అవటు గ్రంథి. మనం ‘థైరాయిడ్’ అని పిలిచేది దీనినే. ఆహారంలోని అయొడిన్‌ను గ్రహించి అది రెండు హార్మోనులను తయారు చేస్తుంది. నాలుగు అయొడిన్ పరమాణువులు గలది టి-4. మూడు గలది టి-3. శరీరంలోని ప్రతి జీవకణం ఎంత వేగంగా పనిచేయాలో నిర్ణయించేవి ఇవే. ఇవి తగ్గితే శరీరమంతా మందగిస్తుంది: బడలిక, చలి, మలబద్ధకం, ముఖం ఉబ్బడం. హెచ్చితే అంతా పరుగు పెడుతుంది: గుండెదడ, చెమటలు, చేతుల వణుకు, తిండి తింటున్నా చిక్కిపోవడం.

అయితే మన గృహిణి కాగితం మీద ఉన్న టి.ఎస్.హెచ్. ఈ రెండింటిలో ఏదీ కాదు. అసలు అది అవటు గ్రంథిలో పుట్టేది కూడా కాదు! మెదడు అడుగుభాగాన బఠాణీ గింజంత పరిమాణంలో ఉండే పీయూష గ్రంథి దానిని పంపుతుంది. అవటు గ్రంథికి అది ఒక ఆజ్ఞ వంటిది.

ఇల్లు కట్టే చోట మేస్త్రీని చూడండి. పనివాడు చురుకుగా ఇటుకలు అందిస్తున్నంతసేపూ మేస్త్రీ మెల్లగా మాట్లాడతాడు. పనివాడు మందగిస్తే గొంతు పెంచుతాడు. అప్పటికీ కదలకపోతే కేకలు వేస్తాడు. పనివాడు అవసరానికి మించి ఇటుకలు కుప్పపోస్తుంటే నోరు మూసుకుంటాడు. టి.ఎస్.హెచ్. అంటే ఆ మేస్త్రీ గొంతు. అది హెచ్చిందంటే అవటు గ్రంథి మందగించిందని అనుమానించాలి. బాగా తగ్గిందంటే ఆ గ్రంథి మితిమీరి పనిచేస్తున్నదని అనుమానించాలి. పై బాణం గుర్తును చూసి ‘థైరాయిడ్ ఎక్కువైంది’ అనుకోవడం ఇందువల్లనే పొరపాటు.

ఈ మేస్త్రీ చెవి మహా సునిశితమైనది. రక్తంలో టి-4 సగానికి తగ్గితే టి.ఎస్.హెచ్. సుమారు నూరు రెట్లు పెరగగలదు. అందుచేతనే వైద్యులు సాధారణంగా మొదట టి.ఎస్.హెచ్. పరీక్షనే కోరుతారు.

లక్ష లీటర్లలో ఒక మిల్లీగ్రాము

రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టి-4 ఎంత స్వల్పమో ఊహించడం కష్టం. లక్ష లీటర్లు పట్టే నీళ్ల ట్యాంకులో ఒకే ఒక మిల్లీగ్రాము పదార్థాన్ని కలిపితే ఎంత పలచనవుతుందో దాదాపు అంత! ఇంత సూక్ష్మమైనదానిని కొలిచే ఉపాయం 1950 దశకం వరకు ఎవరికీ తెలియదు.

ఆ ఉపాయాన్ని కనుగొన్నవారు న్యూయార్క్ నగరంలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన రోజాలిన్ యాలో, సాలమన్ బెర్సన్. ఆమె భౌతిక శాస్త్రవేత్త, ఆయన వైద్యుడు. ఇన్సులిన్ మీద పరిశోధిస్తుండగా, సూది ద్వారా ఇన్సులిన్ తీసుకునే రోగుల శరీరంలో దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుడుతున్నాయని వారు గమనించారు. ఆ విషయం వ్రాసి పంపితే ఒక ప్రసిద్ధ పత్రిక నమ్మక తిప్పి పంపింది. వారు నిరాశపడలేదు. ఏ ప్రతిరక్షకం ఏ హార్మోనును పట్టుకుంటుందో ఆ లక్షణాన్నే కొలబద్దగా మార్చి, రేడియో ధార్మికత సహాయంతో హార్మోనులను తూచే పద్ధతిని 1959-60 నాటికి రూపొందించారు. దానిపై పేటెంటు తీసుకోలేదు. అది లోకానికంతకూ అందాలన్నదే వారి కోరిక.

బెర్సన్ 1972లో కన్నుమూశారు. 1977లో యాలోకు నోబెల్ బహుమానం లభించింది. తిరస్కరిస్తూ పత్రిక వ్రాసిన లేఖను ఆమె తన నోబెల్ ఉపన్యాసంలో ప్రదర్శించారు. ఈనాటి పరీక్షాశాలలలో చాలావరకు రేడియో ధార్మికతకు బదులు కాంతిని వెలువరించే రసాయనాలను వాడుతున్నారు. కాని మూలసూత్రం మాత్రం అదే: ప్రతిరక్షకంతో హార్మోనును పట్టుకొని లెక్కించడం.

కాగితాన్ని చదవడం ఎలా?

పెద్దవారిలో టి.ఎస్.హెచ్. సాధారణంగా 0.4 నుంచి 4 వరకు ఉంటుంది. పరీక్షాశాలను బట్టి ఈ హద్దులు కొద్దిగా మారుతాయి. ఒక చోట ‘లీటరుకు మిల్లీ యూనిట్లు’ అనీ, మరొక చోట ‘మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లు’ అనీ అచ్చు వేస్తారు. కంగారు పడనక్కరలేదు, రెండింటిలోనూ అంకె ఒకటే. టి.ఎస్.హెచ్. తేడాగా ఉన్నప్పుడు దానిని స్వేచ్ఛా టి-4తో కలిపి చదవాలి.

టి.ఎస్.హెచ్. ఎక్కువ, టి-4 తక్కువ: అవటు గ్రంథి నిజంగానే బలహీనపడింది. అయొడిన్ కొరత లేని చోట్ల దీనికి ముఖ్యకారణం, శరీర రక్షణ వ్యవస్థ తన గ్రంథిపై తానే దాడి చేయడం. 1912లో ఈ వ్యాధిని వర్ణించిన జపాన్ వైద్యుడు హాషిమోటో పేరుతోనే ఇది ప్రసిద్ధమైంది. దీనికి మాత్ర అవసరం.

టి.ఎస్.హెచ్. బాగా తక్కువ, టి-4 ఎక్కువ: గ్రంథి అతిగా పనిచేస్తున్నది. వెంటనే వైద్యుని చూడాలి. ఆలస్యం చేస్తే గుండె లయ తప్పవచ్చు.

టి.ఎస్.హెచ్. కొంచెం ఎక్కువ, టి-4 సక్రమం: ఇది సరిహద్దు ప్రాంతం. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే.

టి.ఎస్.హెచ్. సక్రమం లేదా తక్కువ, టి-4 కూడా తక్కువ: అరుదైనదే, కాని ప్రమాదకరమైనది. ఇక్కడ లోపం పనివానిది కాదు, మేస్త్రీదే. కాన్పు సమయంలో విపరీతంగా రక్తం పోయిన స్త్రీకి పీయూష గ్రంథి దెబ్బతినవచ్చు. బిడ్డకు పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, సంవత్సరాల తరబడి నీరసం. టి.ఎస్.హెచ్. ఒక్కటే చూసి ‘అంతా బాగానే ఉన్నది’ అని పంపితే, అసలు వ్యాధి మరుగునపడిపోతుంది.

హద్దు ఎవరు గీశారు?

వందమంది ఆరోగ్యవంతులను పరీక్షించి, అట్టడుగున ఉన్న రెండున్నర శాతాన్నీ, అన్నిటికంటె పైన ఉన్న రెండున్నర శాతాన్నీ తీసివేస్తే మిగిలిన 95 శాతం ఉండే పరిధినే ‘సాధారణం’ అంటారు. అంటే ఏ జబ్బూ లేని ఇరవైమందిలో ఒకరు హద్దు బయట ఉండటం లెక్కలోనే ఇమిడి ఉన్నది! పైగా వయస్సు మీరినకొద్దీ టి.ఎస్.హెచ్. కొంత పెరగడం సహజం. 65 ఏళ్లు దాటి, సరిహద్దులో ఉన్న 737 మందిపై ఐరోపాలో జరిపిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మాత్ర వాడినవారికీ, ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ బడలిక విషయంలో తేడా కనిపించలేదు.

అందువల్ల 10కి లోబడి స్వల్పంగా పెరిగిన టి.ఎస్.హెచ్.ను రెండు మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించడం మంచి వైద్యుల పద్ధతి. చాలామందిలో అది తనంతట తానే దిగివస్తుంది. గ్రంథిపై దాడి చేసే ప్రతిరక్షకాలు రక్తంలో ఉన్నవారికి మాత్రం ముందుముందు వ్యాధి ముదిరే అవకాశం హెచ్చు. వారు క్రమంగా పరీక్షించుకుంటూ ఉండాలి.

అంకెను తారుమారు చేసేవి

టి.ఎస్.హెచ్. రాత్రివేళ పెరిగి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. కనుక ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే ఒకే పరీక్షాశాలలో రక్తం ఇవ్వడం మేలు. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ అంకెలు నమ్మదగినవి కావు. స్టీరాయిడ్లు, లిథియం, గుండె లయకు వాడే అమియోడరోన్ వంటి మందులు వీటిని మార్చగలవు. జుట్టు కోసం వాడే బయొటిన్ మాత్రల సంగతి మరీ విచిత్రం: కొన్ని పరీక్షా పద్ధతులలో అవి టి.ఎస్.హెచ్.ను తక్కువగానూ, టి-4ను ఎక్కువగానూ చూపించి, లేని జబ్బును సృష్టిస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి.

మాత్ర మొదలుపెట్టినవారు పది రోజులకే మళ్లీ పరీక్షకు పరుగెత్తరాదు. మింగిన టి-4 సగం కరగడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే నిజం తెలుస్తుంది. మాత్రను పరగడుపున మంచినీళ్లతో మింగాలి. ఇనుము, కాల్షియం మాత్రలకూ దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఎదురుచూడరాని చోట్లు

‘వేచి చూద్దాం’ అన్న మాట రెండుచోట్ల పనికిరాదు. మొదటిది గర్భిణి. తొలి నెలలలో పిండం మెదడు ఎదిగేది తల్లి హార్మోనుతోనే. గర్భిణికి హద్దులు వేరు. ఇదివరకే మాత్ర వాడుతున్న స్త్రీకి మోతాదు పెంచవలసి రావచ్చు. నెల తప్పిందని తెలియగానే వైద్యునికి చెప్పాలి.

రెండవది నవజాత శిశువు. పుట్టుకతోనే అవటు గ్రంథి లేని బిడ్డ కూడా పైకి చక్కగానే కనిపిస్తుంది. లక్షణాలు బయటపడేసరికి మెదడుకు తీరని నష్టం జరిగిపోతుంది. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి తీసిన కొద్ది రక్తపు బొట్లు చాలు, ఈ ముప్పును పసిగట్టడానికి. రెండు వారాలలోగా మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ మిగిలిన పిల్లలవలెనే చదువుకుంటుంది. 1970 దశకంలో కెనడాలోని క్విబెక్‌లో ఆరంభమైన ఈ పరీక్ష మన దేశంలో ఇంకా అన్నిచోట్లా తప్పనిసరి కాలేదు. అందుచేత ప్రసూతి ఆసుపత్రి విడిచే ముందు తల్లిదండ్రులే అడగడం మంచిది.

అయొడిన్ కొరత వల్ల బిడ్డల బుద్ధి మందగించడమన్నది మన దేశానికి క్రొత్త కాదు. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయ పాదాన కాంగ్రా లోయలో ఆరంభించిన పరిశోధనలో, ఉప్పులో అయొడిన్ కలిపితే గొంతువాపు తగ్గుతుందని రుజువైంది. 1962లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని దేశంలో చేపట్టింది. నేడు మన వంటింటి ఉప్పు డబ్బాలో ఆ లోయ పాఠం ఉన్నది.

తిరిగి మన గృహిణి వద్దకు వద్దాం. వైద్యురాలు కాగితాన్ని పక్కన పెట్టి ఆమె కనురెప్పను క్రిందికి లాగి చూశారు. పాలిపోయి ఉన్నది. స్వేచ్ఛా టి-4 సక్రమంగా ఉన్నది, ప్రతిరక్షకాలు లేవు, కాని హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులే. ఆమె బడలికకు కారణం కంఠంలో లేదు, రక్తంలో ఉన్నది. ఇనుము మాత్రలు ఇచ్చి, మూడు నెలల తరువాత రమ్మన్నారు. అప్పటికి ఆమె మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నది, టి.ఎస్.హెచ్. 3.4.

నల్లగా అచ్చయిన ఆ ఒక్క అంకెకు మాత్ర వేసి ఊరుకుని ఉంటే, అంకె బహుశా దిగేదే. బడలిక మాత్రం అలాగే ఉండేది.