శరణార్థి ఎవరు? భారతీయ చట్టంలో కానరాని నిర్వచనం

జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం - ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంగా పీడనకు గురి కాగలనన్న సహేతుకమైన భయంతో స్వదేశాన్ని వీడి, తిరిగి వెళ్లలేని వ్యక్తిని 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక శరణార్థిగా నిర్వచించింది. 1967 నాటి ప్రోటోకాల్ ఆ నిర్వచనానికి గల కాలపరిమితిని తొలగించింది. ఈ రెండింటిలోనూ భారతదేశం భాగస్వామి కాదు. శరణార్థిని గుర్తించే విధానాన్ని నిర్దేశించే కేంద్ర చట్టమూ దేశంలో లేదు.

చట్టం దృష్టిలో ఉన్నవి ప్రధానంగా రెండే వర్గాలు: పౌరులు, విదేశీయులు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా ఈ విభజన మారలేదు. కనుక ‘ఎందుకు వచ్చారు?’ అన్న ప్రశ్నకు బదులు ‘ఎప్పుడు వచ్చారు, ఏ దేశం నుండి వచ్చారు, ఎప్పుడు జన్మించారు?’ అన్న ప్రశ్నలే నిర్ణాయకమవుతున్నాయి.

టిబెటన్ భిక్షుసంఘం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. 1959లో దలైలామా వెంట, ఆ తరువాత వచ్చినవారికి ప్రభుత్వం కార్యనిర్వాహక ఉత్తర్వుల ద్వారా ఆశ్రయమిచ్చి, నమోదు పత్రాలు జారీ చేసింది. అయితే పౌరసత్వ చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుండి 1987 జూలై 1కి ముందు వరకు భారతదేశంలో జన్మించినవారు, పరిమితమైన మినహాయింపులు తప్ప, జన్మతః పౌరులు. ఆ తరువాత జన్మించినవారికి తల్లిదండ్రులలో కనీసం ఒకరు పౌరులై ఉండాలి; 2004 డిసెంబరు నుండి ఈ నిబంధన మరింత కఠినమైంది. ఫలితంగా బైలకుప్పెలోని ఒకే విహారంలో 1959లో వచ్చిన గురువు విదేశీయుడు, అక్కడే 1980లో జన్మించిన శిష్యుడు పౌరుడు, విదేశీయ దంపతులకు 1990లో జన్మించిన ప్రశిష్యుడు మళ్లీ విదేశీయుడు కావచ్చు. 1986లో జన్మించిన ఒక టిబెటన్ యువతి పౌరురాలేనని ఢిల్లీ హైకోర్టు 2010లో తీర్పు చెప్పేవరకు ఆమెకు పాస్‌పోర్టు లభించలేదు.

చక్మా బౌద్ధుల స్థితి వేరు. చిట్టగాంగ్ కొండ ప్రాంతంలో కర్ణఫూలి నదిపై నిర్మించిన కప్తాయ్ ఆనకట్ట వలన అనేకులు భూములు కోల్పోయారు. 1964 నుండి వచ్చినవారికి నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో పునరావాసం కల్పించారు. ముంపు ఒక్కటే కారణమైతే 1951 నిర్వచనం వర్తించదు. వారిని వెళ్లగొట్టే ప్రయత్నాలు జరిగినప్పుడు 1996లో సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 21వ అధికరణం పౌరులకే కాక ప్రతి వ్యక్తికీ రక్షణనిస్తుందని స్పష్టం చేసి, వారి ప్రాణాలను కాపాడవలసిందిగా రాష్ట్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పు రక్షణ కల్పించింది. శరణార్థి హోదాను సృష్టించలేదు.

2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుండి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన ఆరు మతాలవారిలో బౌద్ధులను చేర్చింది. టిబెట్, మయన్మార్, శ్రీలంకల నుండి వచ్చిన బౌద్ధులు దాని పరిధిలోకి రారు. ఇన్నర్ లైన్ ప్రాంతమైన అరుణాచల్‌కు అందులోని పౌరసత్వ నిబంధన వర్తించదు.

కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చిన ఆశ్రయాన్ని మరొక ఉత్తర్వు మార్చగలదు. చట్టబద్ధమైన నిర్వచనం ఉంటే అది అంత సులభం కాదు. అటువంటి నిర్వచనం లేనంతకాలం ఒక భిక్షువు భవితవ్యం ప్రవేశ తేదీ, జన్మస్థలం, తల్లిదండ్రుల స్థితి తెలిపే పత్రాలపై ఆధారపడుతుంది. విహారాల్లోని పాత నమోదు పుస్తకాలను చరిత్రకు ఆధారాలుగానే కాక, జీవించి ఉన్నవారి హక్కులకు సాక్ష్యాలుగా కూడా భద్రపరచవలసి ఉంది.