పుర్రె చెప్పే ఆనవాలు

కొల్లేటి చుట్టూ ఉన్న లంక గ్రామాల్లోనూ, తాడేపల్లిగూడెం పరిసరాల్లోనూ గబ్బిలం అనగానే స్ఫురించేది పెద్ద చెట్లకు తలకిందులుగా వేలాడే పండ్ల గబ్బిలం. కృష్ణా గోదావరుల ఒండ్రుమట్టి పరచుకొన్న ఆ పల్లపు నేలలో గుహలు ఉండవు. ఏలూరు నుంచి మెట్ట ప్రాంతం వైపు, కామవరపుకోట మండలంలోని గుంటుపల్లికి వెళితే నేల స్వభావం మారుతుంది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది నాటికే బౌద్ధ భిక్షువులు అక్కడి కొండను తొలిచి గుహలు నిర్మించుకొన్నారు. వెలుగు సోకని, ఉష్ణోగ్రత పెద్దగా మారని అటువంటి తావులే కీటకాలను తిని బతికే అనేక చిన్న గబ్బిలాలకు నివాసయోగ్యాలు.

ఒకే గుహలో రెండు మూడు జాతులు కలిసి వేలాడవచ్చు. చూపుకు అన్నీ ఒకటే. రంగును నమ్మడానికి వీలులేదు. ఒకే జాతిలో బూడిదరంగువీ, నారింజరంగువీ కనిపిస్తాయి. అందుకే శాస్త్రజ్ఞులు పుర్రెను ఆశ్రయిస్తారు.

చిన్న జాతుల పుర్రె పొడవు 2 సెంటీమీటర్ల లోపే. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు వాడే వెర్నియర్ కాలిపర్స్ వంటి సాధనంతోనే దానిని కొలుస్తారు. పుర్రె మొత్తం పొడవు, చెంప ఎముకల మధ్య వెడల్పు, మెదడు పెట్టె వెడల్పు, పై పలువరుస పొడవు, కింది దవడ పొడవు ముఖ్యమైన కొలతలు. ఇవి జీవనవిధానాన్ని కూడా సూచిస్తాయి. గట్టి పెంకు పురుగులను కొరికే గబ్బిలాలకు దవడ దృఢంగా, చెంప ఎముకలు విశాలంగా ఉంటాయి. పోల్చేటప్పుడు మగ, ఆడ గబ్బిలాలను విడివిడిగా లెక్కించాలి. ఎదగని పిల్లలను వదిలివేయాలి. రెండు గుహల సగటుల మధ్య ఉన్న తేడా, ఒకే గుహలోని గబ్బిలాల మధ్య సహజంగా ఉండే తేడాను మించినప్పుడే దానికి విలువ. కొలతల కోసం కొద్దిపాటి గుంపును చంపడం సమర్థనీయం కాదు. సంగ్రహశాలల్లో భద్రపరిచిన పాత నమూనాలకు ఉన్న ప్రాధాన్యం ఇక్కడే తెలుస్తుంది.

1948లో పశ్చిమ కనుమల్లోని మేఘమలై కొండల్లో ఆంగస్ హటన్ ఒక గబ్బిలాన్ని సేకరించాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో అది మామూలు పొట్టిముక్కు పండ్ల గబ్బిలమనే పేరుతోనే ఉండిపోయింది. థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞుడు కిట్టి థోంగ్లోంగ్యా దాని పుర్రెను, దంతాలను పరీక్షించాడు. పొట్టిముక్కు గబ్బిలానికి పై దవడలో రెండు జతల కుంతకాలు ఉండగా, దీనికి ఉన్నది ఒక్క జతే. 1972లో అతడు దానికి కొత్త ప్రజాతిని ఏర్పరచి, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరును జోడించాడు.

పుర్రె ఒక్కటే ప్రతిసారీ చాలదు. దక్షిణ భారతంలోని ఒక ఆకుముక్కు గబ్బిలాన్ని, బర్మా వైపు ఉన్న దాని పోలిక గబ్బిలాన్ని చాలాకాలం ఒకే జాతిగా లెక్కించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు 2018లో ముక్కు మీది ఆకు ఆకృతి వంటి ఆధారాలతో అవి రెండు వేర్వేరు జాతులని నిరూపించారు.

ఈ సూక్ష్మమైన తేడాలతో పనేమిటన్న ప్రశ్నకు, తెలుగు విరివిగా వినిపించే కర్ణాటక కోలారు జిల్లాలో జవాబు దొరుకుతుంది. అక్కడి హనుమనహళ్ళి గుహల గబ్బిలాన్ని డీటర్ కాక్, హెచ్.ఆర్. భట్ 1994లో కొత్త జాతిగా వర్ణించారు. మిగిలినవి 200కు మించవని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016లో దానిని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతిగా గుర్తించింది. ఆ పరిసరాల గ్రానైట్ తవ్వకాలే దానికి ప్రధాన ముప్పు. అది మామూలు ఆకుముక్కు గబ్బిలమే అయితే, ఆ గుంపు నశించినా జాతి వేరొకచోట మిగిలేది. ఒకప్పుడు దీనికి ఆశ్రయమిచ్చిన సమీపంలోని తేరహళ్ళి గుహలో, తరువాతి పరిశీలనల్లో ఒక్కటీ కనిపించలేదు.